నాలుగో నంబరులో రెండు దెబ్బలు

భీమడోలు రైలుగేటు దాటాక కాలువ వైపు తిరిగే సందులో ఎలీషా గారి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ ఒక పట్టాన చెప్పలేరు. బ్యాండు మాస్టారిల్లు అనాలి. అప్పుడు పాలవాడి దగ్గర్నుంచి గేటుమ్యాను దాకా అందరూ చెయ్యి చూపిస్తారు. ఏలూరులో మిషన్ వాళ్ళ స్కూల్లో ముప్పయ్యేళ్ళు పిల్లలకు బ్యాండు నేర్పి రిటైరై పద్నాలుగేళ్ళయినా, ఆయన పేరు బ్యాండు చాటునే ఉండిపోయింది. తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఆదివారం చర్చిలో హాజరు చూసే పెద్దలు తప్ప ఎవరూ మిగల్లేదు.

నాలుగేళ్ళ కిందట పై పళ్ళు ముందువి ఊడిపోయాక మాస్టారికి కార్నెట్ బూర ఊదడం కూడా పోయింది. కట్టుడు పళ్ళతో ఊదబోతే గాలి కంటే ముందు పళ్ళే బయటికొస్తాయని ఆయన భార్య మెర్సీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. మాస్టారు ఆ మాటకు నవ్వుతారు. నవ్వి, గూట్లో ఉన్న నల్లటి పెట్టె వైపు ఒకసారి చూసి వేరే మాట ఎత్తుకుంటారు. ప్రతి శనివారం పొద్దున్నే ఆ పెట్టె తెరిచి, ఊదని కార్నెట్‌కు నూనె వేసి, మూడు మీటలూ నొక్కి చూసి, మళ్ళీ మూసిపెడతారు. చుట్టాలెవరైనా ఎందుకండీ ఈ తంటా అంటే మెర్సీయే అడ్డుపడుతుంది. కొందరు మొక్కలు పెంచుకుంటారు, ఈయన తుప్పు పట్టకుండా చూసుకుంటారు, అంటుంది.

కిందటి నవంబరులో ఇందుజ అనే అమ్మాయి ఆ ఇంటిని వెతుక్కుంటూ వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో తెలుగు చెబుతుంది. ఈ చుట్టుపక్కల స్కూళ్ళలోనూ కాలేజీల్లోనూ బ్యాండు నేర్పేవాళ్ళందరినీ కలిసి, మీరు సంగీతం ఎలా నేర్పుతారండీ అని అడిగి, ఆ మాటలన్నీ ఒక పుస్తకంగా వేయాలని ఆ పిల్ల పట్టుదల. కాగితం మీద ఏడు ప్రశ్నలు రాసుకుంది. ఎవరి దగ్గరికెళ్ళినా అవే ఏడు ప్రశ్నలు, అదే వరుస. ఫోను బల్ల మీద పెట్టి, రికార్డు చేసుకోవచ్చా అండీ అని మర్యాదగా అడిగింది.

అప్పటికే పదకొండుమందిని కలిసిందట. తణుకులో జాకబ్ గారు పిల్లలకు ముందు నిలబడ్డం నేర్పాలి, ఊదడం దానంతట అదే వస్తుందన్నారట. ఉంగుటూరులో బంగార్రాజు గారు ఏడాదంతా అన్నం కంచాల మీద తాళం వేయించి, జెండా పండగ నెలలో తప్ప డ్రమ్ము ముట్టుకోనివ్వరట. మాస్టారు అన్నీ శ్రద్ధగా విన్నారు. విని, జాకబ్ పిల్లలు బాగానే నిలబడతారని, వాళ్ళు ఊదుతుంటే వినేవాళ్ళే నిలబడలేరని అన్నారు. కంచాల సంగతికి మాత్రం ఒప్పుకున్నారు. ఆకలి మీదున్న పిల్లల తాళం ఎప్పుడూ తప్పదన్నారు.

తన పద్ధతి అడిగితే మాస్టారికి ఉత్సాహం వచ్చింది. లేచి, క్యాలెండర్లోంచి ఒక కాగితం చింపి, గోడకానించి, నోటితో ఊదుతూ పడిపోకుండా నిలబెట్టి చూపించబోయారు. సొంత పళ్ళు లేవు కదా, కాగితం జారిపోయింది. మొదటి నెలంతా పిల్లలతో అదే చేయించేవారు. రెండో నెల పాటంతా నోటితో పాడించేవారు. మూడో నెల ఆ పాట పాడుతూ అడుగు తప్పకుండా కాలువ గట్టు మీద నడిపించేవారు. అంతా అయ్యాకే వాయిద్యం చేతికిచ్చేది.

"వాయిద్యం చేతికొచ్చాక పిల్లలు నా మాట వినరమ్మా. దాని మాటే వింటారు. అందుకని చెప్పాల్సిందంతా ముందే చెప్పేసుకునేవాణ్ణి" అన్నారు మాస్టారు.

అయిదో ప్రశ్న, మీకు నేర్పిందెవరు అన్నది. మాస్టారు తన తండ్రి అహరోను గారి సంగతి చెప్పారు. అహరోను గారిది కొల్లేరు లంకల్లో పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు. ఆరుగురు మనుషులు, నాలుగు బూరలు, రెండు డ్రమ్ములు. ఏలూరులో మిషన్ దొరల దగ్గర బ్యాండులో పనిచేసిన ఒక పెద్దాయన వాయిస్తుంటే విని నేర్చుకున్న కవాతు పాటలు పది ఉండేవి. వాటి ఇంగ్లీషు పేర్లు ఎవరికీ నోరు తిరగవు కాబట్టి నంబర్లు పెట్టుకున్నారు. పెళ్ళికొడుకు బయల్దేరేటప్పుడు ఒకటో నంబరు, పెళ్ళికూతురి ఊరు కనిపించగానే నాలుగో నంబరు.

అప్పట్లో లంకలకు రోడ్లేవి, ఇప్పుడు చెరువు గట్ల మీద లారీలు పోతున్నాయి గానీ. పెళ్ళివారు దోనెల్లో వెళ్ళేవాళ్ళు. రెండు దోనెలు పక్కపక్కన కట్టి బ్యాండువాళ్ళను ఎక్కించేవారు. దోనె నడిపే సరంగు వెదురు గెడను నీటి అడుగున నేలకు ఆనించి బలంగా తోశాడంటే దోనె ఒక్క కుదుపుతో ముందుకు ఉరికేది. ఆ కుదుపులో బూర నోటి దగ్గరుంటే పెదవి చీలడమో పన్ను కదలడమో ఖాయం. ఇద్దరి పళ్ళు పోయాక అహరోను గారు ఒక ఏర్పాటు చేశారు. నాలుగో నంబరు రెండో వరస చివర అందరూ బూరలు దించేస్తారు. పెద్ద డ్రమ్ము ఒక్కటే రెండు దెబ్బలు కొడుతుంది. ఆ రెండు దెబ్బల్లోనే సరంగు గెడ వేసి తోసేయాలి. దోనె కుదుటపడ్డాక మళ్ళీ బూరలు ఎత్తుకుంటాయి. సరంగులు కూడా ఆ పాట రాగానే గెడ పట్టుకుని రెండో వరస కోసం కాచుకుని ఉండేవారట.

దోనెలు పోయినా ఆ రెండు దెబ్బలు మాత్రం పాటలో ఉండిపోయాయి. మాస్టారు తండ్రి దగ్గర పాటను అలాగే నేర్చుకున్నారు, ముప్పయ్యేళ్ళు అలాగే నేర్పారు, దోనె కథతో సహా.

ఇందుజ కళ్ళు మెరిశాయి. పుస్తకమంతటికీ ఇదే అందమండీ అంది. మాస్టారు మురిసిపోయారు. ఆ మురిపెంలో, నీ జాబితాలో ఇంకా ఎవరెవరున్నారమ్మా అని అడిగారు. ఇందుజ కాగితం తిప్పి పేర్లు చదివింది. చివరి పేరు రూబీ మేడమ్. వాళ్ళ కాలేజీలో బ్యాండు నేర్పేది ఆవిడేనట, పదకొండేళ్ళుగా.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. శుభ్రంగా ఉన్న కళ్ళజోడును చాలాసేపు తుడిచారు.

"ఆవిణ్ణి కూడా ఇవే ప్రశ్నలడిగేవా అమ్మా? అయిదోది కూడా?"

"అడిగానండి. దానికి మాత్రం జవాబు చెప్పలేదు. తర్వాతి ప్రశ్నకు వెళ్దామన్నారు."

మెర్సీ టీ తెచ్చి పెట్టింది. మాస్టారు గ్లాసు అందుకుని, ఆ రూబీ కొన్నాళ్ళు మా స్కూల్లోనే చదువుకుందమ్మా, మంచి పిల్ల అని మాత్రం అన్నారు. మిగిలిన రెండు ప్రశ్నలకూ అవునండీ కాదండీ అన్నంతలోనే సరిపెట్టారు. ఇందుజ బస్సెక్కి వెళ్ళిపోయింది. మాస్టారు చల్లారిన టీ అలాగే పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు.

ఆయన మనసులో ఇరవై ఏళ్ళుగా ఒకటే కోరిక ఉంది. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరైనా అడిగితే రూబీ తన పేరు చెప్పాలి. నాకు నేర్పింది ఎలీషా మాస్టారండీ అనాలి. ఆ ఒక్కమాట చెవిన పడితే చాలు. అడగడానికి ముఖం చెల్లదు, అడగకుండా ఉండడానికి మనసొప్పదు. ఇన్నాళ్ళకు ఎవరో నిజంగానే అడిగారు. రూబీ చెప్పలేదు. చెప్పదని ఆయనకు లోపల తెలుసు, ఎందుకు చెప్పదో కూడా తెలుసు. తెలిసినంత మాత్రాన బాధ తగ్గుతుందనేది ఒట్టి మాట.

రూబీది కొల్లేరు లంక. తల్లి యేసమ్మ చేపల తట్టతో ఏలూరు వచ్చి అమ్ముకునేది. పిల్లను మిషన్ హాస్టల్లో పెట్టింది. అప్పట్లో బ్యాండులో ఆడపిల్లలు ఉండేవాళ్ళు కాదు. రూబీ ఎనిమిదో తరగతిలో ఉండగా, బ్యాండు గది కిటికీ బయట నిలబడి నోటు పుస్తకంలోంచి చింపిన కాగితాన్ని గోడకానించి ఊదుతూ మాస్టారి కంట పడింది. కాగితం కదలకుండా నిలబడి ఉంది. మాస్టారు మనసులో లెక్కపెట్టారు. నలభై దాటాక కూడా అది నిలబడే ఉంది. హెడ్మాస్టరు గారిని నాలుగు రోజులు బతిమాలి ఆ పిల్లను బ్యాండులో చేర్చుకున్నారు. అరుగు మీద చెప్పుకునే కబుర్లలో ఆ నాలుగు రోజులు ఇప్పుడు పదిహేను రోజులయ్యాయి, అది వేరే సంగతి.

నాలుగో నంబరు నేర్పేటప్పుడు దోనె కథ చెబితే మిగతా పిల్లలు నవ్వారు. రూబీ నవ్వలేదు. మా తాత గెడ వేసేవాడండీ, అంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల రెండు దెబ్బల దగ్గర కార్నెట్ దించినప్పుడల్లా కాస్త ముందుకు ఒరిగి, మళ్ళీ నిటారుగా అయ్యేది, నిజంగా దోనెలో ఉన్నట్టే. ఏడాది తిరిగేసరికి బ్యాండుకు ముందు నడిచేది రూబీయే. ఆ పిల్ల ఊదుతుంటే మాస్టారు తన కార్నెట్ పక్కన పెట్టి వినేవారు. పిల్లలు పుట్టలేదన్న దిగులు మెర్సీకి ఉండేది గానీ, ఆ రెండేళ్ళూ తనకు గుర్తే రాలేదని మాస్టారు ఆమెతోనే ఒకసారి అన్నారు.

రెండో ఏడాది జనవరిలో ఏలూరులో స్కూలు బ్యాండ్లన్నిటికీ పోటీ పెట్టారు. మార్కులు వేయడానికి ఎక్కడో పెద్ద బ్యాండులో చేసి రిటైరైన ఒక ఆఫీసరును పిలిచారు. ఆయన చేతిలో పాటలు అచ్చువేసిన పుస్తకం ఉంది. ఇన్నేళ్ళూ బ్యాండు బాగుందా లేదా అని చూసినవాళ్ళే గానీ, కాగితం ముందు పెట్టుకుని విన్నవాళ్ళు అంతవరకు లేరు. నాలుగో నంబరు అయిపోగానే ఆఫీసరు మాస్టారిని, హెడ్మాస్టరు గారిని దగ్గరికి పిలిచి, వేలితో కాగితం చూపిస్తూ అడిగారు. ఇక్కడ రెండు దెబ్బల ఖాళీ ఎందుకొచ్చింది, పాటలో లేదే, కార్నెట్ ఆలస్యంగా ఎత్తుకుందా, దానికోసం మిగతావాళ్ళంతా ఆగారా?

కాగితంలో నిజంగానే ఖాళీ లేదు. మాస్టారికి ఆ పాట అచ్చులో కనిపించడం అదే మొదలు. తండ్రి పెట్టిన దెబ్బలు అచ్చులో ఉండవన్న సంగతి ఆ క్షణంలోనే తట్టింది. చెప్పాలంటే ఇస్త్రీ బట్టల్లో మెరిసిపోతున్న ఆ పెద్దమనిషి ముందు, చేపలవాళ్ళ పెళ్ళిళ్ళకు దోనెల్లో వాయించిన బ్యాండు గురించి, పళ్ళూడిన మనుషుల గురించి చెప్పాలి. హెడ్మాస్టరు గారు చూస్తున్నారు. పక్క స్కూళ్ళ మాస్టర్లు వింటున్నారు. రూబీ రెండడుగుల దూరంలో కార్నెట్ పట్టుకుని, మాస్టారు ఇప్పుడు దోనె కథ చెబుతారని ఆయన ముఖం వైపే చూస్తోంది.

"పాప తడబడిందండీ" అన్నారు మాస్టారు.

రూబీ చెట్టు నీడకు వెళ్ళి, కార్నెట్‌లో నీళ్ళు వంపి, బట్టతో తుడిచి, మీటలకు నూనె వేసి, ఆయన నేర్పినవన్నీ ఒకటీ మర్చిపోకుండా చేసి, పెట్టె మూసి ఆయన చేతికిచ్చింది. మర్నాడు బ్యాండు గదికి రాలేదు. పరీక్షలయ్యాక యేసమ్మ వచ్చి పిల్లను తాడేపల్లిగూడెంలో పిన్ని దగ్గర చదివిస్తామని తీసుకెళ్ళిపోయింది. ఆ పిల్ల తర్వాత ఎక్కడో సంగీతం నేర్చుకుందని, పరీక్షలు పాసైందని, కాలేజీలో బ్యాండు నేర్పుతోందని మాస్టారికి ముక్కలు ముక్కలుగా తెలుస్తూ వచ్చింది. భీమడోలు నుంచి తాడేపల్లిగూడెం ఎంత దూరం గనక, ప్యాసింజరులో గంట కూడా పట్టదు. ఆ రైలు ప్రతిరోజూ ఆయన ఇంటి పక్కనుంచే పోతుంది. మాస్టారు దాన్ని ఇరవై ఏళ్ళు చూస్తూ కూర్చున్నారు.

ఇందుజ వచ్చి వెళ్ళాక ఆయన కుదురుగా ఉండలేకపోయారు. శనివారం పెట్టె తెరిచి నూనె వేయడం మర్చిపోయారు. మెర్సీ రెండు వారాలు చూసింది. మూడో వారం, ఏవండీ, మీరు ఆ అమ్మాయికి చెప్పింది సగమే కదూ అంది. మాస్టారు కాదనలేదు. ఆమే ఫోనందుకుని ఇందుజ నంబరు కలిపి ఆయన చేతికిచ్చింది.

ఇందుజ మళ్ళీ వచ్చింది. ఈసారి ప్రశ్నలేవీ వద్దమ్మా, ఫోను మాత్రం అక్కడ పెట్టు, అన్నారు మాస్టారు. గొంతు సవరించుకుని, సాక్ష్యం చెప్పేవాడిలా నిటారుగా కూర్చున్నారు.

"నా పేరు ఎలీషా. నాలుగో నంబరులో రెండు దెబ్బలు మా నాన్న పెట్టినవి. ఆ రోజు రూబీ తడబడలేదు. నేను నేర్పింది నేర్పినట్టే వాయించింది. మా నాన్న సంగతి చెప్పడానికి సిగ్గుపడి తప్పు ఆ పిల్ల మీదకి నెట్టేసేను. పిల్లలకి ఊపిరి పట్టడం నేర్పేనమ్మా, నిజం చెప్పాల్సొచ్చినప్పుడు నాకే ఊపిరి ఆడలేదు. ఇది పుస్తకంలో వెయ్యి. పేర్లతో సహా వెయ్యి."

ఇందుజ రికార్డింగు ఆపింది. తర్వాత, రూబీ మేడమ్ పేరు వేయాలంటే ఆవిణ్ణి అడగాలండీ, ఇది ఆవిడకు వినిపించవచ్చా అండీ అని మెల్లగా అడిగింది. వినిపించడానికే కదమ్మా చెప్పింది అన్నారు మాస్టారు.

ఆ తర్వాత ఎదురుచూపులు మొదలయ్యాయి. క్రిస్మసు వచ్చింది, వెళ్ళింది. ఫోను మోగితే మాస్టారు కంగారుగా అందుకునేవారు. గ్యాసు వాళ్ళో, బ్యాంకు వాళ్ళో అయ్యేవారు. ప్యాసింజరు వచ్చే వేళకు అరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. ఎవరైనా దిగి సందులోకి వస్తారేమోనని చూసేవారు. ఎవరూ రాలేదు. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందని చర్చిలో ఎన్నోసార్లు విన్నారు గానీ, ఆయనకు బరువు పెరిగింది. అంతకు ముందు రూబీకి తన మనసు తెలియదు కాబట్టి మాట్లాడలేదని అనుకునే వీలుండేది. ఇప్పుడు అన్నీ తెలిసి కూడా మాట్లాడలేదు.

జనవరి మూడో వారంలో ఇందుజ ఫోను చేసింది. ఇరవై ఆరో తారీఖు కోసం కాలేజీ బ్యాండు రోజూ సాయంత్రం నాలుగింటికి గ్రౌండులో ప్రాక్టీసు చేస్తోందని, వీలైతే వచ్చి వినమని చెప్పింది. రూబీ రమ్మందా అని మాస్టారు అడిగారు. ఆవిడేమీ అనలేదండీ, రికార్డింగు విని ఫోను తిరిగిచ్చేశారు, రమ్మంటున్నది నేనే అంది ఇందుజ. మాస్టారు నిరాశగా సరేనమ్మా అన్నారు. వెళ్ళననే అనుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం చూస్తే గంజి పెట్టిన తెల్లచొక్కా కుర్చీ మీద ఉంది, మెర్సీ స్టేషనుకు ఆటో పిలిచేసింది.

పూళ్ళ, కైకరం, చేబ్రోలు. కిటికీ పక్కన కూర్చుని ఒక్కో స్టేషను దాటుతుంటే, ఇంతేనా దూరం, ఇంతేనా అని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. రెండో పంటకు దాళ్వా నాట్లు పడిన పొలాల్లో నీళ్ళు మెరుస్తున్నాయి.

కాలేజీ గేటు దగ్గర ఇందుజ కనిపించి లోపలికి రమ్మంది. మాస్టారు రానన్నారు. గ్రౌండు పక్కన సైకిళ్ళ షెడ్డు ఉంటే ఆ రేకుల చాటున నిలబడ్డారు. అక్కడి నుంచి బ్యాండు సగం కనిపిస్తుంది, అంతా వినిపిస్తుంది. రూబీ ఆయన వైపు వీపు తిప్పి నిలబడి ఉంది. జడ పొట్టిదైంది, మనిషి కాస్త ఒళ్ళు చేసింది. నిలబడిన తీరు మాత్రం మారలేదు.

పిల్లలు నాలుగో నంబరు ఎత్తుకున్నారు. మాస్టారి ఎడమకాలు దానంతట అదే నేలకు తాళం వేసింది. మొదటి వరస అయింది. రెండో వరస మొదలైంది. ఆయన రేకుల చాటు నుంచి మెడ చాచి చూశారు. చదువుకున్న పిల్ల, అచ్చు పుస్తకాలు చూసిన పిల్ల, కాగితంలో లేనిది ఎందుకు ఉంచుతుంది? పైగా తనకు అవమానం తెచ్చిపెట్టిన ఆ రెండు దెబ్బల్ని ఎందుకు ఉంచుతుంది? రెండో వరస చివరికొచ్చింది. పిల్లలందరూ ఒక్కసారిగా బూరలు దించారు. కానీ కార్నెట్ వాయించే ఒక అమ్మాయి తొందరపడి, మొదటి దెబ్బకే మళ్ళీ ఊదేసింది. పాట చెదిరిపోయింది.

రూబీ చెయ్యెత్తి ఆపింది. కోప్పడలేదు.

"పింకీ, రెండో లైను చివర ఎవరుంటారమ్మా?"

"ఎలీషా మాస్టారండీ" అంది ఆ అమ్మాయి తలొంచుకుని.

"మరి ఎలీషా మాస్టారిని తోసుకుని వెళ్ళిపోతావా? ఆయన రెండు అడుగులు వేసేదాకా ఆగాలి. ఆయన కదిలాకే మనం కదలాలి."

పిల్లలు తలూపారు. వాళ్ళకది కొత్తమాట కాదు. ఎలీషా మాస్టారి దగ్గర ఆగాలి, ఎలీషా మాస్టారి దగ్గర గాలి తీసుకోవాలి అని పదకొండేళ్ళుగా ఆ గ్రౌండులో రోజూ వినిపిస్తున్న మాటేనని, ఆయన ఎవరో ఎక్కడుంటారో పిల్లలెవరికీ తెలియదని ఇందుజ పక్కన నిలబడి నెమ్మదిగా చెప్పింది. తనకే రికార్డింగు చేశాక గానీ అర్థం కాలేదంది. మాస్టారు షెడ్డు స్తంభం పట్టుకున్నారు. ఊళ్ళో ఎవరూ పలకని ఆ పేరు ఇక్కడ రోజుకు పదిసార్లు పలుకుతున్నారు. తను మాత్రం అక్కడ రైళ్ళు చూస్తూ కూర్చున్నారు.

రూబీ వెనక్కి తిరిగినప్పుడు ఆయన దాక్కోవడానికి వీలు లేకపోయింది. ఆమె దగ్గరికొచ్చి నిలబడింది.  ముందు ఆమే అంది.

"మీరు చెప్పింది విన్నానండి. ఫోను చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఏమనాలో తెలీలేదు మాస్టారూ. ఆవేళ నన్నన్నందుకు కాదండీ నేను బాధపడింది. అహరోను తాతగారినీ, మా తాతనీ, మా దోనెల్నీ అన్నిట్నీ కాదనేశారే అని. మీరు మా గురించి చెబుతారని ఎంత ఆశగా చూశానో."

"తెలుసమ్మా" అన్నారు మాస్టారు. "నువ్వలా చూడ్డం ఇప్పటికీ కనిపిస్తానే ఉంది."

"మీ మీద కోపం ఉండేదండి, చాలా ఏళ్ళు ఉంది. అందుకే ఇందుజ అడిగితే మీ పేరు చెప్పలేకపోయాను. పిల్లలకి మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను" అంది రూబీ. కళ్ళు తుడుచుకుని, వాయించి చూపిస్తారా మాస్టారూ అని అడిగింది. మాస్టారు కట్టుడు పళ్ళు తీసి, ముందు పళ్ళు లేని చిగుళ్ళు చూపించారు. ఆమె ఆ చిగుళ్ళను చూసి నవ్వబోయి నవ్వలేకపోయింది. పెద్ద డ్రమ్ము వాయించే అభిషేక్‌ను పిలిచి, డ్రమ్ము ఆయన మెడలో వేయించింది. బరువుకు ఆయన కాస్త ముందుకు వంగారు. ఎవరీయన అని పిల్లలు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. రూబీ చెప్పలేదు.

నాలుగో నంబరు మొదట్నుంచి ఎత్తుకున్నారు. డ్రమ్ము తాళం మాస్టారి చేతులకు ఇంకా గుర్తుంది. రెండో వరస చివర పిల్లలందరూ బూరలు దించి ఆయన వైపు చూశారు. గ్రౌండంతా నిశ్శబ్దమైంది. ఆయన ఒక దెబ్బ కొట్టారు. రెండో దెబ్బ కొట్టారు. ఆ నిశ్శబ్దంలో తన తండ్రి ఉన్నాడు, ఒరిగి నిటారుగా అయ్యే ఎనిమిదో తరగతి పిల్ల ఉంది, దాన్ని దాటి రావడానికి ఆయనకు మనసొప్పలేదు. చెయ్యి ఆగలేదు. మూడో దెబ్బ కూడా పడింది.

సగంమంది పిల్లలు ఎత్తుకున్నారు, సగంమంది ఆగిపోయారు. పాట మళ్ళీ చెదిరింది. పింకీ బెదిరిపోయి, ఈసారి నేను కాదండీ మేడమ్ అంది. మరి ఎవరు తడబడ్డారు అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

మాస్టారు డ్రమ్ము కర్ర పట్టుకున్న చెయ్యి పైకెత్తారు.

"నేనేనమ్మా. తప్పు నాది."

రూబీ ఆయన వైపు చూసింది. తర్వాత పిల్లల వైపు తిరిగి, మళ్ళీ మొదట్నుంచి అంది.